రెండు ఆంపియర్లు

ఇమాంట్స్ ముసలాయన ఆంప్లిఫయర్‌ని
ఉన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు,
జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకొచ్చినట్టు.

రీగాలో జనవరి. దౌగవ గడ్డకట్టింది.
నది మీద బెజ్జాలు చేసుకుని
చేపలవాళ్లు కూర్చున్నారు.
నా కొట్టు నేలమాళిగలో.
కిటికీలోంచి బూట్లు మాత్రమే కనిపిస్తాయి,
ఎవరొస్తున్నారో బూట్లే చెబుతాయి.

"పాడుతోంది కానీ గుయ్యిమంటోంది వెల్తా.
వేడెక్కితే తారు వాసన.
ముసలితనం నా ముక్కుకేనేమో."

వెనక పలకకు నాలుగు స్క్రూలుండాలి.
ఒకదాని చోట అగ్గిపుల్ల.
మూత తీస్తే, పిల్లి బొచ్చులా దుమ్ము.
ప్లగ్గు పీకే ఉంది, అయినా
పెద్ద కెపాసిటర్లో దాక్కున్న కరెంటును
రెసిస్టర్ ఆనించి మెల్లగా దించాను.
ప్లగ్గు పీకితే చచ్చినట్టు కాదని
మా గురువు వాల్దిస్ బొటనవేలి మచ్చ
బతికున్నన్నాళ్లూ చెబుతూనే ఉండేది.

ఫ్యూజు గూట్లో గాజుగొట్టం.
దాని చుట్టూ చాక్లెట్ రేకు.
నాలుగు మడతలు, గోటితో నొక్కి,
అంచుకు అంచు కలిపి.
తప్పు పనిని ఇంత పొందికగా చేసిన చేతుల్ని
నేనింతవరకూ చూడలేదు.

"స్కైద్రీతె," అన్నాడాయన. "లీగో రాత్రి.
తోటలో మంట, కిటికీలో స్పీకరు.
మూడుసార్లు పోయింది ఫ్యూజు. కొట్లన్నీ మూత.
చాక్లెట్ నోట్లో వేసుకుని రేకు మడిచింది.
అర నిమిషంలో పాట మళ్లీ ఎత్తుకుంది.
అందరూ చప్పట్లు."

ఆ రాత్రి కునుకు తీసినవాడు
వేసవంతా నిద్రపోతాడని మా వైపు మాట.

"పోయి ఆరేళ్లు. మిగతాదంతా నీ ఇష్టం,
రేకు మాత్రం తియ్యకు."

నేనేమీ అనలేదు.
ట్రాన్స్‌ఫార్మర్‌ని దీపం వైపు తిప్పాను.
మాడిన రొట్టె అంచులా నల్లబడిన కాగితం.
కింద మైనం కారి, చారలు కట్టి.
కెపాసిటర్ ఒకటి పొట్ట ఉబ్బి ఉంది,
బహుశా ఆ లీగో రాత్రి నుంచే.
మూడుసార్లు ఫ్యూజు తలుపు తట్టింది.
నాలుగోసారి తట్టడానికి దాన్ని ఉండనివ్వలేదు.

"ఇంట్లో ఎక్కడ పెట్టారు?"
"పుస్తకాల అరలో. కిటికీ పక్కన."
"తెర ఉందా?"
"లేసు తెర. ఆవిడ అల్లిందే."
"మీ పైన ఎవరుంటారు?"
"కుర్ర జంట. ఓ పసిపాప..."
అని, టోపీని మోకాలి మీద తిప్పుతూ ఉండిపోయాడు.

కెపాసిటర్లు మార్చాను.
రెండు ఆంపియర్ల ఫ్యూజు, నిదానంగా కరిగే రకం, వేశాను.
పక్క డబ్బాలో పది ఆంపియర్లవి ఉన్నాయి.
అదే పొడవు, అదే మెరుపు. అవి వేస్తే
అదీ రేకే, పెద్దమనిషి వేషంలో.

అరవై వాట్ల పాత బల్బును వరసలో కలిపి
స్విచ్ వేశాను. భగ్గుమంది,
ఎర్రబడింది, సద్దుమణిగింది.
దీపం ఆరితే బతికినట్టు లెక్క
మా వృత్తిలోనే.

రేకును అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాను.
తెరిచి వాసన చూశాడు.
"చాక్లెట్ వాసన లేదు," అన్నాడు.
ఫ్యూజుకు ముప్పై సెంట్లు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి,
ఇంకోటి కూడా ఇమ్మన్నాడు.
ఇచ్చాను. మళ్లీ వెంటనే పోతే మాత్రం వెయ్యొద్దు,
నా దగ్గరికి తెండి అన్నాను.

మార్చిలో, నది పగుళ్లిచ్చే వారంలో,
రాత్రి పదకొండుకు ఫోను.

"వెల్తా, పోయింది. పాట మధ్యలో.
రెండోది వేశాను. అదీ పోయింది."
"తర్వాత ఏం చేశారు?"
"ప్లగ్గు పీకాను. అంతే.
ఇంట్లో చాక్లెట్ కూడా ఉంది."

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"పైన పాప లేచింది," అన్నాడు,
"వినిపిస్తోందా నీకు?"

వినిపిస్తోంది.